వద్దన్న విస్తరి

నల్లకొండలకు ఆవల తోడేళ్లు ఏలే దేశం ఒకటుంది. అక్కడికి ఒక మేకపోతు పండితుడు బయలుదేరాడు. పేరు గడ్డం శాస్త్రులు. మర్యాద ఏ దేశంలోనైనా ఒకటేనని గ్రంథం రాస్తున్నాడు. చివరి అధ్యాయానికి పరదేశం కళ్లారా చూడాలని ఆశ.

పొలిమేరలో నక్క ఎదురై, దారి చూపుతానంది. తోడేళ్ల పెద్దమ్మ ఏటా అన్ని జాతులకూ విందు పెడుతుందనీ, ఎవరు తినేది వాళ్లకు వడ్డిస్తుందనీ ఊరించింది.

"పంక్తిలో ఎలా మెలగాలి?" అన్నాడు శాస్త్రులు.

"మీ ఊళ్లో ఎలా మెలుగుతారు?"

"పెట్టగానే తింటే ఆబ అంటారు. మూడుసార్లయినా వద్దనాలి, వాళ్లు బతిమాలాలి."

"ఇక్కడా అంతే శాస్త్రులుగారూ. ఎంత వద్దంటే అంత పెద్దరికం."

శాస్త్రులు మురిసిపోయి ఆ మాట గ్రంథంలోకి ఎక్కించాడు. నక్క చెప్పనిది ఒకటుంది. ఆ దేశంలో పెట్టింది తిన్నవాడు చుట్టం. మూడుసార్లు వద్దన్నవాడు ఆ ఇంటికి పగవాడు. పగవాడి మాంసంలో మొదటి తొడ వాణ్ణి తీసుకొచ్చినవాడిది.

విందులో పెద్దమ్మ స్వయంగా శాస్త్రులు ముందు లేత వేపాకు వడ్డించి, "తిను బాబూ" అంది.

"అబ్బే, వద్దమ్మా. ఇప్పుడే తిని వచ్చాను."

పంక్తిలో మాటలు ఆగాయి. తన పెద్దరికానికే అనుకున్నాడు శాస్త్రులు.

ఆమె మళ్లీ అడిగింది. ఈసారి గొంతు తగ్గింది. అలవాటుకొద్దీ అతను విస్తరికి కాలు అడ్డం పెట్టి వద్దన్నాడు. వెనక తోడేళ్లు లేచి నిలబడ్డాయి.

శాస్త్రులు వెనక్కి తిరిగాడు. నక్కవైపు చూశాడు. అది నవ్వుతూ తలూపింది, కానీ దాని చూపు అతని ముఖం మీద లేదు, తొడ మీద ఉంది. పక్కనున్న తాబేలు పెట్టింది పెట్టినట్టు తినేసి మూతి తుడుచుకుంటోంది. కుందేలూ అంతే. ఇంత పంక్తిలో వద్దన్నది ఎవరు? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు తానొక్కడే. చూడ్డానికి వచ్చినవాడు చూడనేలేదు.

"మూడోసారి అడుగుతున్నాను. తింటావా?"

పెట్టగానే తినకురా అని తల్లి నేర్పిన మాట గొంతుకు అడ్డం పడింది. దాన్ని మింగి, వంగి, నోటినిండా ఆకు కరిచాడు.

తోడేళ్లు కూర్చున్నాయి. పెద్దమ్మ అతని వీపు నిమిరింది. "ఇక మా ఇంటివాడివి. ఇంకోసారి వద్దని ఉంటే నీ తొడ ఆ నక్క విస్తట్లో ఉండేది."

నోట్లో ఆకు నమిలి మింగి, ఇంటివాడికి వడ్డించే హక్కుందా అని అడిగాడు శాస్త్రులు. ఉందంది పెద్దమ్మ. తన విస్తట్లోంచి ఇంత వేపాకు తీసి నక్క ముందు పెట్టాడు.

"తిను నాయనా. నాకు దారి చూపి అలిసిపోయావు."

"అయ్యో, నాకెందుకండీ" అంది నక్క, నోరు జారి.

తోడేళ్లు మళ్లీ లేచాయి.

"అది ఒకటి" అన్నాడు శాస్త్రులు మెల్లగా.

నక్క కళ్లనీళ్లతో చివరి ఈనె దాకా నమిలింది. శాస్త్రులు పాత అధ్యాయం కొట్టేసి, పెట్టినవాళ్ల మనసు నొప్పించకపోవడమే ఎక్కడైనా మర్యాద, ఆ నొప్పించని తీరు మాత్రం ఊరూరికీ వేరని రాసుకున్నాడు.

పరాయి ఊరి ఆచారాన్ని దారి చూపేవాడి నోట విని కాదు, పంక్తిలో కూర్చున్నవాళ్లను చూసి నేర్చుకోవాలి.