దివాను గారి గుర్రబ్బండి

రాజులు ఏలే కాలంలో ఒక దివాను గారుండేవాడు. తోలేవాణ్ణి పెట్టుకోకుండా, గుర్రబ్బండి తనే తోలుకుంటూ దేశమంతా తిరిగేవాడు. ఓ రోజు కొండకింద మలుపులో గవరమ్మ ఎద్దుల బండిని గుద్దేశాడు. తన చక్రమే విరిగింది. పెనిమిటి పోయాక గవరమ్మకి ఆ ఎద్దులే తోడూ, తిండీ.

దివాను గారు దిగి ఒకటే తిట్లు. "ఛీ, ఈ దేశంలో ఎక్కడా బండి తోలడం రాదు! తూరుపోళ్ళు తోలుతూ నిద్రపోతారు, గుద్దుకున్నాం. దక్షిణపోళ్ళు దారి మధ్య ఆపి చుట్ట కాల్చుకుంటారు, గుద్దుకున్నాం. మీ కొండోళ్ళు మలుపని కూడా చూడరు. ఆ ఎద్దులు జప్తు!"

గవరమ్మ కొంగు బిగించి నెమ్మదిగా అడిగింది. "బాబుగారూ, ఆ తూరుపోళ్ళు మా ఊరెప్పుడైనా వచ్చారా?"

"వాళ్ళెందుకొస్తారే?"

"మేమూ దక్షిణం మొహం ఎరగం బాబూ. మరి మూడు చోట్లా ఉన్న బండి ఎవరిదంటారు?"

చుట్టూ చేరినోళ్ళు నోటికి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. దివాను గారు మీసం తడుముకుని, విరిగిన చక్రం కేసి చూశాడు, దిగిపోయే పొద్దు కేసి చూశాడు.

"ఎద్దులు నువ్వే ఉంచుకోలే. మరి నేను కోటకెలా పోనే?"

"నా బండెక్కండి, దిగబెడతాను. పగ్గాలు మాత్రం అడక్కండి బాబూ!"