వెనకవైపు లేని కోట

"నా పొయ్యి మీద గునపం వేసినవాడికి ఈ జన్మలో చారు పొయ్యను."

ఆ కేక స్టేషన్ వీధి చివర పుట్టి కోట దాకా వచ్చింది. పొగడవరం రాజావారు వీరభూపాల బహద్దూర్ అప్పుడు దర్బారు హాల్లో బొమ్మ రైలుకి తాళంచెవి తిప్పుతున్నారు. చెయ్యి ఆగిపోయింది.

"ఎవర్రా సింగన్నా అది?"

సింగన్న రాజావారి తమలపాకుల పెట్టె మోసేవాడు. పెట్టెలో అడకత్తెర కంటే వాడి నోరే పదునని కోటలో చెప్పుకునేవారు.

"పూటకూళ్ల పేరిందేవమ్మగారి గొంతులా ఉంది ప్రభూ. కనుక్కొస్తాను."

అసలు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే మీకు అందదు. రాజావారికి దొరల సీమ నుంచి బొమ్మ రైలొకటి వచ్చింది. జానెడు ఇంజను, దాని వెనక బుల్లి బుల్లి పెట్టెలు. దర్బారు హాలు గోడ పొడుగునా అరుగు కట్టించి దానిమీద పట్టాలు పరిపించారు. ఉత్త పట్టాల మీద తిరిగితే ఏం బావుంటుంది, పక్కన మన ఊరు కూడా ఉండాలి అని ఆస్థాన శిల్పి కనకలింగం పంతులుకి పురమాయించారు.

ఆయన చేశాడండీ, కాదనకూడదు. అట్టతో మేడలు, అభ్రకంతో కిటికీలు. గుమ్మడి గింజలకి జేగురు పూసి స్టేషన్ పెంకులు. బీరకాయ పీచుకి ఆకుపచ్చ రంగు అద్ది చెట్లు. కోట గుమ్మానికి ఆవగింజంత గంట కూడా వేలాడదీశాడు.

రాజావారు మురిసిపోయి, ఆ ఊపులో ఒక హుకుం జారీ చేశారు. ఇకనుంచి నమూనా ఎలా ఉంటే ఊరూ అలాగే ఉండాలి. నమూనాలో లేనిది ఊళ్లో ఉండకూడదు.

స్టేషన్ పక్కన పేరిందేవమ్మ పాక నమూనాలో లేదు.

సింగన్న వెళ్లేసరికి ఇద్దరు కూలీలు గునపాలతో నిలబడి ఉన్నారు. వాళ్లకి అడ్డంగా గరిటె పట్టుకుని ఆవిడ. పక్కన గొడుగు కింద పంతులు.

"చూడరా సింగన్నా, ఆయన పోయినప్పట్నుంచి ఈ పొయ్యే నాకు కూడు పెడుతోంది. ఆ అట్టముక్కల్లో నేను లేనుట. అందుకని ఇక్కడా ఉండకూడదుట."

"తాటాకు పాక పెడితే నా స్టేషన్ అందం చెడదూ?" అన్నాడు పంతులు. "పైగా పొగ."

"నిజమే పంతులుగారూ," అన్నాడు సింగన్న. "కానీ రాజావారి హుకుం పోయి పోయి పూటకూళ్ల పాక దగ్గర మొదలవడమా? ముందు కోట, తర్వాత తమరి మేడ, ఆ తర్వాత మిగతావాళ్లూ. అదీ మర్యాద."

పంతులు నవ్వాడు. "కోటలో తియ్యడానికి ఏముంటుందోయ్? కిటికీ ఊచ కూడా వదల్లేదు నేను. కావలిస్తే నువ్వే పోల్చి చూసుకో. లేనిది కనిపిస్తే తీయించెయ్యి. మా ఇంట్లో అయినా సరే."

"తమరి మాట మీదే తీయించమంటారా?"

"నా మాట మీదే. అందాకా ఈ పాక ఉండనీ, సాయంత్రం చూద్దాం."

సింగన్న కూలీలని వెంటబెట్టుకుని కదిలాడు. కదులుతూ వెనక్కి తిరిగి, "అమ్మగారూ, ఇవాళ అన్నం కాస్త ఎక్కువ పడెయ్యండి," అన్నాడు.

"ఎవరికిరా? పాక కూలుస్తుంటే చూడ్డానికొచ్చేవాళ్లకా?"

"సుమారుగా వాళ్లకే."

మధ్యాహ్నమయింది. ఆవేళ కోటలో పంతులుకి సన్మాన భోజనం. రాజావారు పీట మీద కూచున్నారు. పక్క పీట మీద పంతులు. ఆకులు వేశారు, నీళ్లు చల్లారు. సింగన్న నింపాదిగా వచ్చి ఒక్కో ఆకులో రెండు తమలపాకులూ ఒక వక్కా పెట్టాడు.

రాజావారు ఆకు వంక చూశారు. "భోజనం కాకుండా తాంబూలమేమిట్రా?"

"ఇవాళ్టికి ఇదే ప్రభూ. వంటశాల తీసేశాం. పొయ్యి రాళ్లు పెరట్లో ఎండబెట్టాం."

"ఎవరి హుకుం?"

"ఏలినవారిదే. నమూనాలో లేనిది ఊళ్లో ఉండకూడదన్నారు. పోల్చి చూసుకుని తీయించెయ్యమని పంతులుగారు కూడా సెలవిచ్చారు."

రాజావారు లేచి దర్బారు హాల్లోకి నడిచారు. అట్టకోటని రెండు వేళ్లతో ముందుకి లాగారు. వెనక ఏమీ లేదు. కాస్త మైదా జిగురు, ఒక బల్లి.

"గోడకి ఆనించి పెట్టేది కదా ప్రభూ," అన్నాడు పంతులు. "వెనకవైపు ఎలాగూ కనపడదు. అందుకని ముందు భాగమే కట్టాను. మా పనిలో అది పద్ధతే."

"అంటే నా కోటకి వెనకవైపు అక్కర్లేదా?"

సింగన్న అందుకున్నాడు.

"చూడ్డానికి వచ్చేవాళ్లకి అక్కర్లేదు ప్రభూ. తినడానికి కూచున్నవాళ్లకే కావాలి."

ఇంతలో వీధిలోంచి ఇంకో కేక వినిపించింది. "ఎవర్రా మీరు? మా వంటింటి పెంకులు దించుతారేం?"

"ఇదెవర్రా?"

"పంతులుగారి ఇంట్లో అమ్మగారు ప్రభూ. వారి మేడకి కూడా నమూనాలో ముందుగోడ ఒక్కటే ఉంది."

రాజావారికి నవ్వొచ్చింది. కానీ ఖాళీ కడుపుతో ఎంతసేపని నవ్వుతారు? పొట్ట పట్టుకుని ఆగిపోయారు.

"ముందు ఆ పెంకులు దించడం ఆపించండి. ఒరే, ఇంతమందికి ఇప్పటికిప్పుడు అన్నం ఎక్కడ దొరుకుతుంది?"

"ఒక్కచోట ఉంది ప్రభూ. సాయంత్రమైతే అదీ ఉండదు."

రాజావారు కాలినడకన స్టేషన్ వీధికి వచ్చారు. వెనక పంతులు, ఆయన భార్య, వంటవాళ్లు, గునపాల కూలీలు. పాక గుమ్మంలో నిలబడి రాజావారు హుకుం తిరగేశారు. ఊరు ఎలా ఉంటే నమూనా అలా ఉండాలి. పేరిందేవమ్మ పాకని పంతులు నాలుగువైపులా కట్టాలి, లోపల పొయ్యితో సహా. తన చేతి కడియం తీసి సింగన్నకి తొడిగి, నమూనాల వెనకవైపు తనిఖీ చేసే అధికారం వాడికిచ్చారు.

అంతా చాపల మీద కూచున్నారు. కందిపప్పు వచ్చింది, కంద బచ్చలి వచ్చింది. చారు గిన్నెతో పేరిందేవమ్మ వరస వెంట వచ్చి పంతులు దగ్గర గరిటె ఆపింది.

పంతులు తల వంచుకుని గోడకి చేరగిలబడ్డాడు.

"కాస్త ముందుకి జరగండి పంతులుగారూ," అన్నాడు సింగన్న. "గోడకి ఆనుకుంటే, మీకు వెనకవైపు లేదని నేను రాసుకోవాల్సి వస్తుంది."

రాజావారికి పొలమారింది. పంతులు భార్య కూడా నవ్వేసింది. పంతులు ముందుకి జరిగాడు. పేరిందేవమ్మ చారు పోసింది.