పంతుల్ని మింగిన నక్క

కొండవార పొలంలో ఒక పశువుల కొట్టం ఉండేది. చుట్టూ తుమ్మకంప, లోపల ఒక పాక, పాక పక్కన గడ్డివాము. యజమాని కాపురం ఊళ్లో. పొద్దునా సాయంత్రం వచ్చి మేత వేసి, నూకలు చల్లి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత కొట్టానికి పెద్దదిక్కు కర్రన్న అనే ఎద్దు. సందడికి ఒక మేక. మిగిలిందంతా కోళ్ల రాజ్యం.

ఆ కోళ్లకు ఒక బడి ఉండేది. గడ్డివాము నీడలో నడిచేది. పంతులు తెల్లటి సేతువ పుంజు. ఆయన గొంతెత్తితే కొండ అవతలికి వినబడేది. గద్ద నీడ ఎలా ఉంటుంది, నక్క వాసన ఎలా ఉంటుంది, పిల్లి అడుగు ఎలా పడుతుంది, అన్నీ వరసగా చెప్పేవాడు, శిష్యులు వరసగా అప్పజెప్పేవారు. కంప అవతల పొంచి ఆ పాఠాలన్నీ వినేవాడు ఇంకొకడున్నాడు. వాడు గుంటయ్య అనే నక్క.

గుంటయ్యకు వయసు మళ్లింది. కుందేలును తరమలేడు. కోరలు కదులుతున్నాయి. ఈ వానాకాలం గట్టెక్కాలంటే ఆ కొట్టంలో కోళ్లే దిక్కు. కాని ఆ పంతులుండగా ఏ కోడీ చిక్కదు. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు జనం. పుట్టినప్పట్నుంచీ ఆ తోకను వెంటేసుకు తిరుగుతున్న గుంటయ్యకు మాత్రం అదృష్టమెప్పుడూ ఎదురుపడలేదు. బాగా ఆలోచించి, ఒకనాడు పాఠం మధ్యలో వాము వెనకనుంచి వచ్చి పంతుల్నే ఎత్తుకుపోయాడు.

"ఒక్క ముదురు పుంజు కోసం ఇంత ఆర్భాటమా? లేత పెట్టల్ని పట్టాల్సింది," అని మూతి విరిచింది పెళ్లాం సింగారమ్మ.

"పిచ్చిదానా, నేను తిన్నది పుంజుని కాదే, బడిని. ఇకమీదట నక్కంటే ఏమిటో ఆ కోళ్లకు చెప్పే నాథుడుండడు. మనం కూర్చుని తినడమే."

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకుందట వెనకటికో ముసలమ్మ. ఈ గుంటయ్య ఆ ముసలమ్మకు తోబుట్టువై ఉండాలి.

పంతులు పోయిన దుఃఖంలో కొట్టం కొన్నాళ్లు మూగబోయింది. గుంటయ్య ఓపిగ్గా ఆగాడు. చదివింది మరిచిపోవడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి కదా. ఆపైన ఒక ఉదయం లోపలికి దూరి, బూడిదగుంట పక్కన కాళ్లు బారచాపి, నాలుక వేలాడేసి, చచ్చినట్టు పడుకున్నాడు. ఈ ఎత్తు పంతులి పాఠాల్లో లేదు. ఆ సంగతి గుంటయ్యకు బాగా తెలుసు, ఆ బడి విన్నవాడేగా!

కోళ్లు వచ్చాయి. కాస్త ఎడంగా ఆగాయి. పంతులి పెళ్లాం బొల్లెమ్మ మెడ సాచి చూసింది.

"చచ్చినట్టేనా అత్తా?" అంది ఒక పడుచు పెట్ట.

"చస్తే ఈగలేవే? మొన్న చచ్చిన పందికొక్కు మీద ఎన్ని ముసిరాయో చూళ్లేదూ? వీడి మీద ఒక్కటీ వాలలేదు. పదండి పదండి, దూలం ఎక్కండి!"

గుంటయ్య కళ్లు తెరిచేసరికి ఎదుట ఒక్క కోడీ లేదు. ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు. "ఈగల పాఠం ఎప్పుడు చెప్పాడే ఆ పుంజు? నేనొక్క పూట కూడా బడి ఎగ్గొట్టలేదే!"

మర్నాడు బెల్లం వండే చోటికి పోయి, అక్కడి మడ్డిలో ఒళ్లంతా పొర్లి, మళ్లీ వచ్చి చచ్చాడు. ఈసారి ఈగలు దండిగా ముసిరాయి. ఈగల వెనకే ఎర్రచీమలు కూడా వచ్చాయి. గుంటయ్య పళ్లు బిగబట్టాడు. కోళ్లు దగ్గరకు వస్తున్నాయి, ఇంకా దగ్గరకు వస్తున్నాయి, అంతలో ఒక చీమ చెవిలో దూరింది. వెనక కాలు దానంతటదే లేచి చెవిని బరబరా గోకేసింది.

"చచ్చినవాళ్లు గోక్కోరు కదత్తా?"

"గోక్కోరమ్మా. గుర్తుపెట్టుకో."

ఆ పూట సింగారమ్మ మొగుడి ఒంటిమీది బెల్లం నాకి కడుపు నింపుకుంది. గుంటయ్యకు ఆ భాగ్యమూ లేదు, తన వీపు తనకు అందదు కదా.

"ఒక్కటి మాత్రం ఖాయం," అన్నాడు చీమలు దులుపుకుంటూ. "రహస్యంగా కొత్త పంతుల్ని పెట్టుకున్నారు. వాడెవడో కనిపెట్టి వాణ్ని కూడా తినేస్తే సరి."

మేక కంప బయట తుమ్మకాయలు ఏరుకుంటుంటే పక్కకు చేరాడు. "మరదలా, మీ బడి ఇప్పుడెక్కడ నడుస్తోంది?"

"బడా? నువ్వేగా తినేశావు."

"మరి చదువో?"

"దానికేం, రోజంతా అదేగా."

"ఎక్కడ?"

"ఎక్కడ పడితే అక్కడ."

"ఎవరు చెబుతారు?"

"ఎవరికి తెలిస్తే వాళ్లు."

"ఏ వేళకి?"

"తీరికైనప్పుడు."

గుంటయ్యకు తల తిరిగింది. "ఇదేం జవాబే?"

"నీ ప్రశ్నలాగే ఉంది," అని మేక నములుతూ వెళ్లిపోయింది.

ఇక లాభం లేదని గుంటయ్య కంప అవతల మాటువేశాడు. పొద్దుటే కర్రన్న సంతనుంచి తిరిగొచ్చాడు. దారిలో ఎవరి కళ్లంలో ఎలుకమందు చల్లారో చెబుతుంటే కోళ్లన్నీ చుట్టూ చేరి విన్నాయి. ఓహో, ఎద్దా పంతులు! గుంటయ్య గుండె జారింది. ఎద్దును తినడం తన తాతతరం కాలేదు. అంతలో కర్రన్న తొట్టి కింద ఉన్న కప్పను అడిగాడు, వాన ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుందని. కప్ప చెబుతుంటే ఎద్దు బుద్ధిగా తలాడించింది. హమ్మయ్య, పంతులు కప్పేనన్నమాట, చిన్నదైనా తినదగ్గదే అనుకుని గుంటయ్య లేవబోయాడు. ఈలోపు కప్ప గెంతుకుంటూ బొల్లెమ్మ దగ్గరకు పోయి, గడ్డిలో పాము పోయిన జాడ ఎలా పట్టాలమ్మా అని అడిగింది. బొల్లెమ్మ చూపించింది. చూపించి, పడుచు పెట్టను పిలిచి, పక్క చేలో కొత్తగా పెట్టిన బోను ఎలా పడుతుందో నువ్వు చూశావటగా చెప్పమంది. పడుచు పెట్ట చెప్పింది. చెప్పి, దెబ్బ తగిలితే పూసే పసరు ఏ ఆకుదో మేకను అడిగింది. మేకేమో ఎద్దును అడిగింది.

గుంటయ్య ఒకసారి లేచాడు, ఒకసారి కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. గురువనుకున్నవాడు శిష్యుడవుతున్నాడు, శిష్యుడనుకున్నవాడు గురువవుతున్నాడు. వీళ్లలో ఎవర్ని పట్టాలి? చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, వాడికి చదువును దూరంనుంచి చూస్తేనే పోయింది.

"ఎవర్ని తినాలో తేలిందా?" అని అడిగింది సింగారమ్మ.

"అందర్నీ తినాలేమో అనిపిస్తోందే."

"ఒక్కర్ని పట్టలేనివాడివి అందర్నీ ఎలా పడతావయ్యా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

చివరికి ఒకటి తోచింది. బయటనుంచి చూస్తే తెలియని పంతులు, లోపల చేరితే తెలుస్తాడు. గోధూళి వేళకు కొట్టం గుమ్మం దగ్గరకు పోయాడు. గుమ్మానికి అడ్డంగా కర్రన్న పడుకుని ఉన్నాడు. దూలం మీద కోళ్లు సర్దుకుంటున్నాయి. గుంటయ్య తోక ముడిచి, చెవులు వాల్చి, తన జాతికి పేరు తెచ్చిన వినయమంతా ఒలకబోశాడు.

"తల్లీ బొల్లెమ్మా, చేసిన పాపం నన్ను తినేస్తోంది. ముసలితనంలో నాలుగు ముక్కలు నేర్చుకుందామని వచ్చాను. గుమ్మం బయటే కూర్చుంటాను. కాదనకు."

దూలం మీద గగ్గోలు లేచింది. బొల్లెమ్మ రెక్క చాపి అందర్నీ ఆపింది. తర్వాత, "రా బావా," అంది. "మా దగ్గర ఒక కట్టడి ఉంది. రాత్రికి దూలం ఎక్కేముందు ఎవరైనా సరే తమకు తెలిసిన మాట ఒకటి, మిగతావాళ్లకు తెలియనిది, చెప్పాలి. మర్నాడు అందరం చేసి చూస్తాం. నిజమైతే దాచుకుంటాం. అబద్ధమైతే చెప్పినవాళ్లను గుమ్మం తొక్కనివ్వం."

"మరి పంతులుగారు ఎప్పుడొస్తారమ్మా?"

"అందరి మాటా అయ్యాక."

ఇంతేనా అనుకున్నాడు గుంటయ్య. "నక్కకు వేపాకు వాసన పడదమ్మా. ఆమడ దూరం పారిపోతాం."

మర్నాటి సాయంత్రం వచ్చి కూర్చోగానే బొల్లెమ్మ అడిగింది. "నువ్వు కూర్చున్నది దేనిమీద బావా?"

గుంటయ్య కిందకు చూసుకున్నాడు. వేపమండలు.

"కనీసం తుమ్మైనా తుమ్మలేదే! ఈసారికి చూసీచూడనట్టు వదిలేస్తాం. ఇంకోసారైతే కర్రన్న లేస్తాడు."

కర్రన్న కొమ్ము ఒకసారి కదిలించాడు. గుంటయ్య రెండడుగులు వెనక్కి జరిగాడు. అబద్ధం చెబితే తరిమేస్తారు, నిజం చెబితే గుట్టు పోతుంది. ఎటూ తోచలేదు. పంతులు నోట్లో పడేదాకా ఒక్క నిజానికి ఏమవుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. వాము వెనక కంపలో సందుందని, అప్పుడు తాను వచ్చింది అందులోంచేనని చెప్పాడు.

ఆ రాత్రి పంతులు రాలేదు. ఆలస్యమైందన్నారు.

మరుసటి సాయంత్రం, గాలికి ఎదురు వస్తేనే తన వాసన కోళ్లకు తగలదని చెప్పాడు. ఆ పైరోజు, ఒకవైపు రాయి దొర్లించి రెండోవైపునుంచి దూరే కిటుకు చెప్పాడు. హోరువానలోనే ఎందుకు వస్తాడో ఇంకో రోజు చెప్పాడు. పంతులు మాత్రం ఇవాళ రాలేదు, రేపొస్తారు. వాము వెనక సందు పూడుకుపోయింది. గాలివాటు చూసి పడుకునే చోటు మారింది. గుంటయ్య అన్నీ చూస్తూనే ఉన్నాడు, కాని ఇన్ని చెప్పాక ఇప్పుడు వదిలేసి పోతే చెప్పినవన్నీ దండగ కదా! జూదంలో ఓడుతున్నవాడిలాగా, ఇంకొక్కటి చెబితే పంతులు వస్తాడేమోనని చెప్పుకుంటూనే పోయాడు.

ఆఖరికి చెప్పడానికేమీ మిగల్లేదు. కడుపు వీపుకంటుకుంది.

"ఇక నా దగ్గర ఒక్కటే ఉంది తల్లీ," అన్నాడు నీరసంగా. "నా వెనక కాలు పట్టేసింది. ఈ గుమ్మం ఎత్తు కూడా ఎగరలేను. దీంతో సరి. ఇప్పుడైనా పంతుల్ని చూపించు."

బొల్లెమ్మ దూలం మీద లేచి నిలబడింది. "లేవండర్రా, పంతులుగారొచ్చారు. దండం పెట్టండి."

కోళ్లన్నీ లేచి గుమ్మంవైపు తిరిగి తలలు వంచాయి. మేక మోకాళ్లు వంచింది. తొట్టి కింద కప్ప కూడా వంగింది.

గుంటయ్య ఆత్రంగా వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. పక్కలకు చూశాడు. అక్కడా లేరు.

"ఎక్కడ? ఎక్కడున్నాడు?"

"ఎవర్ని వెతుకుతున్నావు బావా? నీకే మా దండాలు." బొల్లెమ్మ ముక్కును దూలానికేసి గట్టిగా రాసింది. కోపమో ఏడుపో గుంటయ్యకు తెలియలేదు. "నా పెనిమిటి నక్క వాసన వరకే చెప్పగలిగాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు. తెలిస్తే బతికుండేవాడు. చచ్చిన నక్క ఎలా ఉండదో నువ్వు పడుకుని చూపించావు. గోక్కుని చూపించావు. మిగిలిందంతా రోజూ వచ్చి నోటితో చెప్పావు. నక్క గురించి నక్కను మించి ఎవరు చెబుతారు? బడి పోయాక నేర్చుకునేందుకు మాకు దారులెన్నో దొరికాయి గాని, వాటిలో నీ అంత మంచి దారి ఇంకొకటి లేదు."

గుంటయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. పళ్లు నూరుతూ గుమ్మం మీదికి దూకాడు. కాలు పట్టేసి అక్కడే బోర్లా పడ్డాడు. కర్రన్న లేవను కూడా లేదు. దూలం మీద ఒక్క కోడీ అరవలేదు, ఒక్క రెక్కా కొట్టుకోలేదు. తనను చూసి భయపడనివాళ్ల ముందు పడటం ఎలా ఉంటుందో గుంటయ్యకు ఆ పూటే తెలిసింది. అవమానంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుంటుకుంటూ ఇంటికి పోయాడు.

"దొరికాడా పంతులు?" సింగారమ్మ ఆకలిగా ఎదురొచ్చింది.

"దొరికాడే."

"తెచ్చావా మరి?"

"తెచ్చాను."

సింగారమ్మ పెదాలు తడుపుకుంటూ మొగుడి వెనక్కి తొంగిచూసింది. ఎవరూ లేరు. అటు చూసింది, ఇటు చూసింది. "ఏడీ?"

గుంటయ్య తల వంచుకుని ఆమె ముందే నిలబడ్డాడు.

అందుకే కొండవార ముసలివాళ్లంటారు: పంతుల్ని మింగినా పాఠం అరగదు.