నీటి బిలంలో ముడులు

ఏ ప్రశ్న అడిగినా బైరాగినాయుడుగారు ముందు నీటివైపు చూసేవారు. ఎర్రమల కొండల కింద నీటితో నిండిన బిలంలోకి ఈదడం నేర్పే గురువు ఆయన.

ఒకనాటి ఉదయం శిష్యుడు అప్పలస్వామి ఆయన ఎదుట నిలిచాడు. బిలం చివర చూసి వస్తానని చెప్పి ముందురోజు దిగినవాడు, సిలిండరులో గాలి తగ్గడం గమనించి వెనుదిరిగాడు. "స్వామివారికి దర్శనం కాలేదట" అని తోటివారు నవ్వారు.

"ఈ రోజు చివర చూడకుండా రానండి," అన్నాడతడు. "ఇందులో తొలుత దిగినవారిని తలచి మీరు చేతులు జోడిస్తారు. వారిలో ఒక్కరూ చివరిదాకా వెళ్ళలేదు. వెనక్కి వచ్చినవారికి అంత గౌరవమెందుకు?"

"సిలిండరు తగిలించుకో," అన్నారు గురువు.

ఆ తొలివారు సామాన్యులు కారు. మొదటివాడు తలంతా మూసే రాగి టోపీ తొడిగి, గట్టున ఇద్దరు పంపు కొడుతుంటే ఆ గొట్టపు గాలితో దిగాడు. గొట్టం పొడవు అయిపోయిన చోట, దారికోసం వేసిన తాడుకు ముడి వేసి, దాని కొసను తోకలా బిలం బయటివైపు తిప్పి వచ్చాడు. తరువాతివారు మరికొంత దూరం తాడు పరచి, ఆగిన చోట అలాగే ముడి వేశారు. తాడు చివికితే మారుస్తారు. ముడులను మాత్రం ఉన్నచోటనే మళ్ళీ వేస్తారు. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. అవసరమూ లేదు.

చివరి ముడి దాకా ఇద్దరూ ఈదారు. అక్కడ గురువు కాలితో అడుగు బురదను కలియబెట్టారు. ముఖం ముందరి దీపం సైతం మాయమైంది. అప్పలస్వామి తత్తరపడి తాడు వదిలాడు. వెదకగా అది దొరికింది కాని, బయటికి ఎటో తెలియలేదు. రొప్పేకొద్దీ గాలి తరుగుతున్నది.

అంతలో వేళ్ళకు ముడి తగిలింది. తోక తడిమి అటు కదిలాడు. మరొక ముడి, దాని తోకా అటే. ఒక్కొక్కరినే దాటుతూ, రాగి టోపీవాని ముడి దాకా వచ్చాడు. ఎదుట పగటి వెలుగు కనిపించింది.

వెనుకనే గురువు గట్టెక్కారు.

"ముందుకే పోయి తిరిగి రానివాడి ముడి ఒక్కటైనా తగిలిందా?"

"లేదండి."

గురువు నీటివైపు చూశారు.

"నిన్న నువ్వు అందరికన్నా బారెడు ముందుకే తాడు పరచావు, చూశాను. తిరిగి రావడం సరే. ముడి ఎందుకు వేయలేదు?"