ఐదో అంతస్తులో కొబ్బరికాయ

విశ్వపతి గారు ఎవరే ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "ఊఁ" అని కళ్ళు మూసుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన సమాధిలోకి వెళ్ళిపోయారనుకుని చేతులు జోడిస్తారు. పాతవాళ్ళం అలా మోసపోము. ఈ ప్రశ్నకు మమ్మల్ని ఎక్కడికి నడిపిద్దామా అని ఆలోచిస్తున్నారని తెలుసు కాబట్టి, చెప్పులు ఎక్కడ విడిచామో గుర్తు చేసుకుంటాం. కాకినాడలో ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన గీత చెబుతారు, మేం ఓ ముప్ఫైమందిమి వింటాం. ఏ మాత్రం విన్నామో ఇలాంటప్పుడే బయటపడుతుంది.

ఆ ఆదివారం ప్రశ్న అడిగింది హైమవతి గారు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"గురువుగారూ, మనవాడని నమ్మినవాణ్ణి కాగితాలు చూపించమని అడిగితే అనుమానించినట్టే కదండీ? శ్రద్ధ ఉన్నచోట సంశయం ఉండకూడదని మీరే చెప్పారు."

ఆవిడ వేదాంతం కోసం అడగలేదని అందరికీ తెలుసు. భర్త పోయాక అద్దె ఇళ్ళు మారీ మారీ విసిగిపోయారు. ఇప్పుడున్న ఇంటి ఓనరు గోడకు మేకు కొట్టనివ్వడు. భర్త ఫొటోను ఫ్రిజ్ మీద ఆనించి, దండ జారిపోతుంటే సర్దుకుంటూ పూజ చేసుకుంటారు. రిటైరైనప్పుడు చేతికొచ్చినదంతా పెట్టి ఒక ఫ్లాటు కొనుక్కోబోతున్నారు. అది పోతే మళ్ళీ సంపాదించే వయసు కాదు, ఆదుకునేవాళ్ళూ లేరు. కట్టిస్తున్నది వెంకటరత్నం గారు. మా సత్సంగంలో ముందు వరసలో కూర్చునే మనిషి, గీతాజయంతికి అన్నదానం ఖర్చంతా ఆయనదే. ఆయన వడ్డించిన పులిహోర తిని, ఆయన్నే కాగితాలెలా అడుగుతాం? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, మొహమాటం ముందు ఏ సామెతా పనిచెయ్యదు.

అలాగని ఆవిడ ఏమీ చూడకుండా దిగిపోయారనుకోకండి. వాస్తు సిద్ధాంతిని వెంటపెట్టుకెళ్ళి వంటింటి గట్టు తూర్పుకి మార్పించారు. అడ్వాన్సు ఇవ్వడానికి తారాబలం చూపించారు. అక్కడే కొన్న మా సత్సంగం వాళ్ళు మరో అరడజనుమందీ అంతే. ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అని టేపు పట్టి మరీ కొలిచారు. ఆ నేల ఎవరిదో, దాని మీద ఎంతవరకు కట్టుకోమన్నారో అడిగినవాడు ఒక్కడూ లేడు. హైమవతి గారు ఎంత పెద్ద డాక్టరు రాసిచ్చినా, సీసా మీద పేరు తాను చదవందే సూది గుచ్చని మనిషి. అలాంటావిడే ఇలా అయ్యారంటే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

గురువుగారు కళ్ళు తెరిచారు. "అడ్వాన్సు ఎప్పుడమ్మా?"

"బుధవారం పొద్దున్నండీ."

"నేనూ వస్తాను."

ముందు వరసలో వెంకటరత్నం గారి ముఖం వెలిగిపోయింది. గురువుగారే స్వయంగా వస్తే ఇంక కావలసిందేముంది? బుధవారం నాటికి గుమ్మాలకు మామిడి తోరణాలు, సన్నాయి మేళం, కొన్నవాళ్ళందరికీ పిలుపులు. కింద పార్కింగులో గురువుగారి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నారు. "ఆయన అడుగు పెట్టారంటే ఇంకేం చూస్తామండీ" అని ఒకాయన నా చెవిలో అన్నాడు. అప్పటికి గురువుగారు కూడా ఏమీ చూడలేదు లెండి.

లిఫ్టు ఇంకా పెట్టలేదు. గురువుగారు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, ఐదో అంతస్తులో హైమవతి గారి ఫ్లాటు చేరుకున్నారు. సన్నాయివాడితో సహా మేమంతా వెనకే ఎక్కాం. గాలి బాగా వీస్తోంది. ఆవిడ అప్పటికే ఒక గోడ ముందు నిలబడి, చేత్తో తడిమి చూసుకుంటున్నారు. ఫొటో అక్కడే పెడతారని ఎవరూ చెప్పనక్కర్లేదు. వెంకటరత్నం గారు పసుపు రాసిన కొబ్బరికాయ తెచ్చి గురువుగారి చేతిలో పెట్టారు. "మీ చేత్తో గడప దగ్గర కొట్టండి, తరవాత అమ్మగారు అడ్వాన్సు ఇస్తారు."

గురువుగారు కాయను అటూ ఇటూ తిప్పి చూసి, "రత్నం, నాకూ ఇక్కడో ఇల్లు కొనుక్కోవాలనుందయ్యా" అన్నారు.

"ఎంత మాట! కొనడమేంటండీ, రాసిచ్చేస్తాను."

"ఊరికే వద్దు. కొనేవాడికి ఏం చూపిస్తావో అది చూపించు."

వెంకటరత్నం గారు ఉత్సాహంగా గదులు చూపించారు, పాలరాయి చూపించారు, కుళాయి తిప్పి నీళ్ళు చూపించారు. గురువుగారు అన్నీ మెచ్చుకున్నారు. "ఇల్లు చూశాను. ఇప్పుడు ఈ నేల నీ దగ్గరికి ఎలా వచ్చిందో చూపించు."

సన్నాయి ఆగింది. వెంకటరత్నం గారు ఒక్క క్షణం తటపటాయించి, కింద ఆఫీసు గదిలోంచి ఫైలు తెప్పించారు. గురువుగారు ఇటుకల మీద కూర్చుని నిదానంగా చదివారు. పొలం ఎవరిది, ఆయన పిల్లలెందరు, పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లతో సహా అందరూ సంతకాలు పెట్టారా, ఎక్కడైనా తాకట్టు ఉందా అని ఒక్కొక్కటే పైకి అడిగారు. అన్నిటికీ సరైన జవాబే వచ్చింది. "బాగా కొన్నావయ్యా, ఎక్కడా వంక లేదు" అంటే వెంకటరత్నం గారి ఛాతీ పొంగింది. నాకూ ప్రాణం లేచి వచ్చింది.

"మరి కార్పొరేషను వాళ్ళు ఎన్ని అంతస్తులు కట్టుకోమన్నారు?"

"నాలుగండి" అన్నారు వెంకటరత్నం గారు, అదే ఊపులో.

అన్నాక నాలుక కరుచుకున్నారు. మేం అందరం ఐదో అంతస్తులో నిలబడి ఉన్నాం. హైమవతి గారు గోడ మీంచి చెయ్యి తీసేశారు.

"ఊళ్ళో అందరూ కడుతున్నదేనండీ! తరవాత అపరాధ రుసుం కట్టేస్తే సరిచేస్తారు. గవర్నమెంటు ఎప్పుడో ఒకప్పుడు స్కీము పెడుతుంది."

"పెట్టనూ వచ్చు. ఆ ఎప్పుడో వచ్చేలోపల ఎవరైనా పలుగు పట్టుకొస్తే ఈవిడ ఎక్కడికి పోవాలి?"

వెంకటరత్నం గారు ఎర్రబడ్డారు. "అంటే నేను దొంగననేగా మీ ఉద్దేశం? ఇంతమందిలో!"

"దొంగవైతే నాలుగని చెప్పేవాడివి కాదు. నేనడిగాను, నువ్వు చెప్పావు. దాచలేదు." గురువుగారు మా వైపు తిరిగారు. "మీలో ఎవరైనా అడిగారా?"

అందరం తలలు దించుకుని కొత్త గచ్చు పరిశీలించాం. అంత శ్రద్ధగా గీత కూడా వినలేదు.

గురువుగారు కొబ్బరికాయను పగలకొట్టకుండా వెంకటరత్నం గారి చేతిలో తిరిగి పెట్టారు. ఆయన దాన్ని తీసుకెళ్ళి ఇటుకల మీద పెట్టారు. చెడ్డవాడు కాడు, అందరూ కడుతున్నారని తానూ కట్టాడు, అంతే. కోపం దిగాక గొంతు తగ్గించి, "అమ్మా, మూడో అంతస్తులో నాకని ఉంచుకున్న ఫ్లాటుంది. ఇదే రేటుకి ఇస్తాను. పైది అనుమతి వస్తేనే అమ్ముతాను, రాకపోతే నేనే పీకించేస్తాను" అన్నారు.

మేమంతా హమ్మయ్య అనుకున్నాం. సన్నాయివాడు వాయిద్యం మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. హైమవతి గారు మాత్రం కదల్లేదు. కొంగు బిగించి, ఆసుపత్రిలో రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో అన్నారు. "సంతోషమండీ. ఆ ఫైలు మొత్తం జిరాక్సు ఇప్పించండి. పై అంతస్తు వల్ల కిందివాళ్ళకు ఇబ్బందుందో లేదో కూడా లాయరుగారికి చూపించి, అప్పుడు అడ్వాన్సు సంగతి చెబుతాను."

"అదేంటమ్మా! సాక్షాత్తూ గురువుగారే చదివాక ఇంకా లాయరెందుకు?" అన్నారు వెంకటరత్నం గారు.

ఆ మాటతో ఆవిడ ధైర్యం సగం జారిపోయింది. పాత మొహమాటం మళ్ళీ ముఖంలోకి వచ్చింది. గురువుగారిని అనుమానించినట్టవుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ ఆయన వైపు చూశారు.

విశ్వపతి గారు అప్పటికే మెట్ల దగ్గరికి చేరుకున్నారు. గోడ పట్టుకుని ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగారు.

"మోక్షానికైతే నన్ను నమ్ము తల్లీ. మూడో అంతస్తుకి లాయర్ని అడుగు."