కొత్వాలు పెట్టిన ముద్ద

ఒక రాజుగారి పట్నంలో నాంచారమ్మ అనే ఇల్లాలికి అయిదుగురు పిల్లలు. అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఎవరైనా మారాం చేస్తే, "అదిగో, కొత్వాలు వస్తున్నాడు" అనేది. గబుక్కున అయిదు నోళ్లూ తెరుచుకునేవి.

ఈ సంగతి కొత్వాలు గరుడాచలం చెవిన పడింది. మీసం దువ్వుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నన్ను బూచాణ్ణి చేస్తావా? ఇకనుంచి పిల్లలకి నా గురించి మంచిమాటలే చెప్పు. లేదంటే మూటాముల్లే సర్దుకుని ఊరు వదిలిపో."

"చిత్తం దొరా," అంది నాంచారమ్మ. అలాగే చెప్పింది.

మర్నాడు కొత్వాలు కునుకు తీస్తుంటే అయిదుగురూ వచ్చి మీద పడ్డారు. ఒకడు మీసం పట్టుకుని వేలాడాడు. ఒకతి ఆయన తలపాగాలో పిల్లిపిల్లని పడుకోబెట్టింది. చంటిది ఒడిలోకెక్కి పంచె తడిపేసింది. కసిరితే కిలకిలా నవ్వారు.

"మీరు చాలా మంచివారట, అమ్మ చెప్పింది," అన్నాడు పెద్దవాడు.

కొత్వాలు తడిపంచెతోనే నాంచారమ్మ ఇంటికి పరుగెత్తాడు. పిల్లలూ వెనకే వచ్చారు.

"తల్లీ, నన్ను మళ్లీ బూచాణ్ణే చెయ్యి."

"ఇక నమ్మరు దొరా. చూడండి, మీరు పెడితేనే తింటామని కూర్చున్నారు," అంటూ అన్నంగిన్నె ఆయన ముందు పెట్టింది.

గత్యంతరం లేక కొత్వాలు ముద్ద కలిపాడు. చంటిది మూతి బిగించింది. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"అదిగో, రాజుగారు వస్తున్నారు."