కంటి ఆసుపత్రిలో చీటీల మిషను

విజయనగరంలో కౌండిన్య అనే యువకుడు ఉండేవాడు. మనం వేలితో నొక్కే తెరలను అందంగా తయారు చేయడంలో అతను దిట్ట, కానీ వాటిని వాడేవాళ్లతో ఒక్క మాటైనా మాట్లాడేవాడు కాదు.

ఒకసారి ఊళ్లోని ఒక కంటి ఆసుపత్రి వాళ్లు చీటీల మిషనుకు తెర తయారు చేయమని అతన్ని అడిగారు. రోగి తన ఫోన్ నంబరు నొక్కితే, ఏ గదికి వెళ్లాలో చెప్పే చీటీ రావాలి. పెద్ద డాక్టరు ఊర్మిళ, "రెండు రోజులు వచ్చి మా వరండాలో కూర్చో బాబూ. ఎలాంటివాళ్లు వస్తారో చూద్దువుగాని" అన్నారు.

"అక్కర్లేదండీ. నాకిది కొత్త పని కాదు" అని కౌండిన్య నవ్వేశాడు.

నెల తిరక్కుండానే మిషను వచ్చింది. లేత నీలం తెర, దాని మీద సన్నని తెల్లని అక్షరాలు. ఎంత ముచ్చటగా ఉందోనని అందరూ మెచ్చుకున్నారు. అంకె తప్పుపడితే మాత్రం అది గుర్రుమని మోగి "చెల్లని నమోదు" అని చూపించేది. మూడుసార్లు తప్పితే, చేసిందంతా చెరిపేసి మొదటికి వచ్చేది.

ఇక రోజంతా వరండాలో గుర్రు గుర్రుమనే మోతే! ఆయా సింహాచలం వార్డు పని మధ్యలో పరుగెత్తుకొచ్చి కొందరికి సాయం చేసేది. ఆమె కనబడకపోతే మిగతావాళ్లు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయేవారు. ఊర్మిళగారు ఫోన్ చేసి చెబితే, "జనానికి కొత్త కదండీ, వాళ్లే అలవాటు పడతారు" అన్నాడు కౌండిన్య.

కొన్నాళ్లకు అతనికే కళ్లు మంటలు పుట్టాయి. అదే ఆసుపత్రికి వెళ్లాడు. నర్సు కళ్లల్లో చుక్కల మందు వేసి, "అరగంట కళ్లు మూసుకుని కూర్చోండి. తర్వాత మిషను దగ్గర చీటీ తీసుకుని డాక్టరు గదికి వెళ్లండి" అంది.

అరగంట తర్వాత తెర ముందు నిలబడి కౌండిన్య తెల్లబోయాడు. తెర అంతా పాలు ఒలకబోసినట్టుంది. ఒక్క అక్షరమూ ఆనడం లేదు. అంచనాగా నొక్కాడు. గుర్రుమంది. ముఖం తెర మీద ఆనించి మళ్లీ నొక్కాడు. గుర్రుమంది. మూడోసారీ అంతే. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. అతని చెవులు వేడెక్కాయి. చీటీ వద్దు, చూపించుకోవడమూ వద్దు, ఇంటికి పోదామనిపించింది.

వెనకున్న ముసలాయన అతని భుజం తట్టాడు. ఆయన పొందూరు నేతగాడు, పేరు అప్పలస్వామి. "నువ్వూ సదువుకోనేదేటి బాబూ? సిగ్గుపడకు. నానూ రెండుసార్లు దీనిసేత తిట్లు తిని ఇంటికెలిపోనాను. పోగు కనబడక మూడు నెల్లై నా మగ్గం ఆగిపోనాది" అన్నాడు.

అంతలో సింహాచలం వచ్చింది. "కంగారేటీ నేదు నాయినా. మందేసినారు కదా, ఎవులికైనా అచ్చరాలు ఆనవు. నంబరు సెప్పు, నాను నొక్కుతాను" అంది. చీటీ చేతికిచ్చి, "మూడో గది, ఎడంపక్క. నీ ముందు నలుగురున్నారు. ఈలోగా నీళ్లు తాగి కూకో" అని చెప్పింది. ఆ నాలుగు మాటలతో కౌండిన్య ప్రాణం కుదుటపడింది.

"ఇంతకీ ఈ మిషను సేసినోడెవుడో!" అన్నాడు అప్పలస్వామి.

"నేనే తాతా" అన్నాడు కౌండిన్య తల వంచుకుని.

ముసలాయన పకపకా నవ్వాడు. "అయితే కన్నతండ్రినే పోల్చుకోనేదా ఇది!" వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. కౌండిన్యకూ నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి అతను వారం రోజులు వరండాలో సింహాచలం పక్కనే కూర్చున్నాడు. ఆమె ఎవరితో ఏమంటోందో పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత తెరను మొదటి నుంచి మళ్లీ తయారు చేశాడు. పసుపు మీద నల్లగా, అరచేతంత అంకెలు పెట్టాడు. మిషను మాట్లాడాలి, అదీ సింహాచలం గొంతుతోనే మాట్లాడాలి అన్నాడు.

"నా గొంతేటి బాబూ! మా ఆయన మేక గొంతంటాడు" అని ఆమె సిగ్గుపడింది. అయినా, అన్ని మాటలూ చక్కగా చెప్పింది. రెండుసార్లు అంకె తప్పితే లోపల గంట మోగి, మనిషే వచ్చి సాయం చేసే ఏర్పాటు కూడా కౌండిన్య చేశాడు.

అప్పలస్వామికి ఆపరేషన్ అయింది. పది రోజుల తర్వాత కన్ను చూపించుకోవడానికి ఒక్కడే వచ్చాడు. తొందరలో ఒక అంకె తప్పు నొక్కాడు. "ఏటీ పరవానేదు నాయినా, నిదానంగా మళ్లీ నొక్కు" అంది మిషను.

"అలాగేనమ్మా" అని దానికి బదులిచ్చి, ముసలాయన మళ్లీ నొక్కాడు. చీటీ వచ్చింది, "మూడో గది, ఎడంపక్క" అని మిషనే చెప్పింది. మూడో గది ఎటో ఎవరినీ అడగకుండా నడిచి వెళ్లాడు.

అది చూసి ఊర్మిళగారు, "భలే చేశావయ్యా!" అన్నారు.

"ఇది నా తెలివి కాదండీ, సింహాచలంగారి మంచితనం. నేను కూర్చుని విన్నానంతే" అన్నాడు కౌండిన్య.

నీతి: ఒక వస్తువును ఎవరి కోసం చేస్తున్నామో, ముందు వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కష్టం తెలుసుకోవాలి, అప్పుడే మనం చేసిన పనిలో ఆప్యాయత ఉంటుంది.